బడిబాటలో బండి తోలుట: రైతు సోదరులకొక పాఠము

సహకార సంఘపు పత్రికలో విత్తనములు, ఎరువులు, అప్పులు, వాయిదాలు, ధరవరలు మొదలగు విషయములనే చదువుటకు సభ్యులు అలవాటుపడియున్నారు. ఇప్పుడు మేము బడిపిల్లలను గూర్చియు, బండి తోలుటను గూర్చియు వ్రాయబూనుట కొందఱికి వింతగా తోచవచ్చును. కాని యోచించి చూచినచో ఇది మన సంఘమునకు పరాయి విషయము కాదు. మన ఊళ్ళ రోడ్లపై తిరుగు ట్రాక్టర్లు మనవి. మోటారుసైకిళ్ళు మనవి. ఆ రోడ్ల ప్రక్కన సంచులు భుజమున వేసికొని నడచు పిల్లలును మనవారే. వాయిదా తప్పిన అప్పు మఱుసటి పంటకు తీఱవచ్చును. ఎండిన మడి మఱుసటి వానకు పచ్చబడవచ్చును. రోడ్డుపై పోయిన పసిబిడ్డ ఏ పంటకును తిరిగిరాదు.

మన తాతల కాలమున రైతునకు రెండెడ్ల బండియే వాహనము. అది గంటకు నాలుగైదు కిలోమీటర్లకు మించి పోవునది కాదు. పిల్లవాడు అడ్డము వచ్చినచో ఎద్దు తనంతట తానే నిలిచెడిది. ఎద్దుకు కన్నులు కలవు, బెదురు కలదు. యంత్రమునకు ఆ రెండును లేవు. తోలువాని కన్నులే దాని కన్నులు. తోలువాని భయమే దాని భయము. వాహనము మాఱినది కాని, బండ్లబాట నాటి అలవాటులు మనలో మాఱలేదు. ఈ పాఠమునకు కారణమిదియే.

మన రోడ్ల స్థితి

భీమునిపట్నము ప్రాంతపు రైతులకు రోడ్డుతో నిత్యము పని కలదు. ఒక ప్రక్క సముద్రపు గట్టు వెంబడి విశాఖపట్నమునకు పోవు రోడ్డు. ఇంకొక ప్రక్క తగరపువలస మీదుగా 16వ నెంబరు జాతీయ రహదారి. ఆనందపురపు పూలసంతకు పూలు, విశాఖపట్నపు రైతుబజారులకు కూరగాయలు తెల్లవాఱక మునుపే చేరవలయును. సరుకు నమ్ముకొని రైతు తిరుగుముఖము పట్టు వేళ ఏది? పిల్లలు బడికి బయలుదేరు వేళయే. నిద్రలేని కన్నులతో, ఇంటికి పోవు తొందరతో వచ్చు బండియు, నిద్ర లేచి ఉత్సాహముతో పరుగెత్తు పిల్లవాడును ఒకే రోడ్డుపై ఒకే గంటలో ఎదురుపడుచున్నారు.

ఋతువు కూడ ఇట్లే కలిసివచ్చుచున్నది. వేసవి సెలవులు తీఱి జూను నెలలో బడులు తెఱచుదురు. ఆ నెలలోనే తొలకరి పడి దుక్కులు మొదలగును. ఒకటవ తరగతిలో క్రొత్తగా చేరిన పిల్ల రోడ్డు దాటుట నేర్చుకొను దినములును, ట్రాక్టరు విశ్రాంతి లేక తిరుగు దినములును ఒకటే. మఱల వరికోతల కాలమున ధాన్యపు బస్తాలు, గడ్డిమోపులు రోడ్డెక్కును. అప్పుడు ప్రొద్దు పొట్టి; సాయంకాలపు బడి విడిచి పిల్లలు ఇల్లు చేరుసరికి మసక కమ్మును.

రెండు ఉదాహరణములు

2023 నవంబరు 22వ తేదీ ఉదయమున విశాఖపట్నములోని సంగం శరత్ సినిమాహాలు కూడలియందు, బడిపిల్లలతో వేగముగా వచ్చుచున్న ఆటో ఒకటి, కూడలి దాటుచున్న లారీని ఢీకొని బోల్తాపడెను. ఎనిమిదిమంది పిల్లలు గాయపడిరి. కూడలిలోని కెమెరా ఆ దృశ్యమును పట్టినందున రాష్ట్రమంతటను జనులు దానిని చూచి గుండె పట్టుకొనిరి. ఆ ఆటో కూడలికి ముందు నెమ్మదించియున్నచో పోవునది కొన్ని సెకన్లు మాత్రమే.

రెండవది ఇంతకంటె ఘోరమైనది. 2014 జూలై 24వ తేదీ ఉదయమున మెదకు జిల్లా మాసాయిపేటవద్ద కాపలా లేని రైలుగేటును దాటుచున్న బడిబస్సును నాందేడు–సికింద్రాబాదు పాసింజరు రైలు ఢీకొనెను. పదిమందికి మించిన పిల్లలును, బస్సు తోలువాడును మృతినొందిరి. పట్టాలు దాటుటకు ముందు బస్సును నిలిపి, దిగి, రెండు వైపులను చూచుటకు పట్టు కాలము ఒక నిమిషము. ఆ నిమిషము లేకపోవుటచేత ఎన్నో ఇండ్లలో దీపములాఱినవి.

అటు తరువాత దేశమంతట కాపలా లేని రైలుగేటులను తీసివేయు పని త్వరపడెను. 2019 జనవరి నాటికి బ్రాడుగేజి మార్గములపై అట్టి గేటు ఒక్కటియు లేకుండ రైల్వేవారు చేసిరి. కొన్నిచోట్ల కాపలాదారును పెట్టిరి. కొన్నిచోట్ల వంతెన కట్టిరి. కొన్నిచోట్ల దాటుదారినే మూసివేసిరి. రైలుగేటునకు కాపలా వచ్చినది. పల్లెబడి ముందరి రోడ్డునకు కాపలాదారు ఎవరు? అచ్చట గేటు లేదు, వంతెన లేదు. కావున బండి తోలువాడే తోలువాడును, కాపలాదారుడును కావలసియున్నది. ఈ పాఠమంతయు ఈ యొక్క మాటకు వివరణమని సభ్యులు తలపవలయును.

వేగమును గూర్చిన లెక్క

“నేను నెమ్మదిగానే పోవుచున్నాను, అవసరమైన బ్రేకు వేయనా?” అని పలువు రందురు. బ్రేకు వేసిన క్షణమున బండి ఆగదు. కంటికి పిల్లవాడు కనబడి, మనస్సునకు తెలిసి, కాలు బ్రేకును నొక్కునప్పటికి సుమారు ఒక సెకను పట్టును. ఆ సెకనులో బండి పూర్తి వేగముతోనే పోవుచుండును. తరువాతనే బ్రేకు పని మొదలగును. పొడి తారురోడ్డు, మంచి బ్రేకులు, మంచి టైర్లు కల వాహనమునకు లెక్క సుమారుగా ఇట్లుండును:

గంటకు 20 కిలోమీటర్ల వేగమున పోవు బండి 8 మీటర్లలో ఆగును.
గంటకు 30 కిలోమీటర్ల వేగమున పోవు బండి 13 మీటర్లలో ఆగును.
గంటకు 40 కిలోమీటర్ల వేగమున పోవు బండి 20 మీటర్లలో ఆగును.
గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి 37 మీటర్లలో ఆగును.

ఇందలి మర్మము గమనింపవలయును. వేగము రెండింతలైనచో బ్రేకు వేసిన పిమ్మట పోవు దూరము నాలుగింతలగును. ఇప్పుడు ఇంకొక లెక్క వేయుదము. 13 మీటర్ల దూరమున ఒక పిల్ల గోడచాటునుండి రోడ్డుపైకి వచ్చినదనుకొందము. 30 కిలోమీటర్ల వేగమున పోవువాడు ఆ పిల్ల కాళ్ళముందర నిలువగలడు. 40 కిలోమీటర్ల వేగమున పోవువాని బండి, కాలు బ్రేకుపై పడునప్పటికే 11 మీటర్లు పోయియుండును. మిగిలినది 2 మీటర్లు. అందులో వేగము ఏమాత్రము తగ్గును? సుమారు 35 కిలోమీటర్ల వేగముతోనే పిల్లను కొట్టును. వేగములలో భేదము పది. ఫలితములలో భేదము ప్రాణము.

ఈ కారణముచేతనే 2020 ఫిబ్రవరిలో స్వీడను దేశపు స్టాక్‌హోములో కూడిన వివిధ దేశముల మంత్రులు, పాదచారులును వాహనములును కలిసి తిరుగుచోట గంటకు 30 కిలోమీటర్లకు మించిన వేగము కూడదని ప్రకటించిరి. మన పల్లెబడి ముందర, కాలిబాట కూడ లేనిచోట, 20 చాలునని మా అభిప్రాయము.

“నెమ్మదించినచో ఆలస్యమగును గదా” అను మాటకు కూడ లెక్కయే సమాధానము. బడికి ముందు వెనుకలు కలిపి 300 మీటర్ల దూరమనుకొందము. 40 కిలోమీటర్ల వేగమున అది 27 సెకన్లలో గడచును. 20 కిలోమీటర్ల వేగమున 54 సెకన్లలో గడచును. నష్టము 27 సెకన్లు. ఒక చుట్ట అంటించుకొనుటకు ఇంతకంటె ఎక్కువ కాలము పట్టును.

పిల్లల స్వభావము

“పిల్లలు చూచుకొని నడవవలదా?” అని అడుగువారు కలరు. నడవవలయును, నేర్పవలయును కూడ. కాని ఆఱేడేండ్ల పిల్లవాడు పొట్టివాడైన పెద్దమనిషి కాడు. దూరము నుండి వచ్చు బండి ఎంత వేగముగా వచ్చుచున్నదో అంచనా కట్టు శక్తి ఆ వయస్సునకు పూర్తిగా రాదు. శబ్దము వినబడినను అది ఏ వైపునుండి వచ్చుచున్నదో వెంటనే పోల్చుకొనలేడు. బంతి దొర్లిన దాని వెంట పోవును; తల్లి ఆవలిగట్టున కనబడిన నేరుగా పరుగెత్తును. హారను మ్రోగించినచో కొందఱు పిల్లలు తప్పుకొనుటకు బదులు బెదరి నడిరోడ్డుననే నిలిచిపోవుదురు. కొందఱు వచ్చినదారినే వెనుకకు పరుగెత్తుదురు. కావున హారనును నమ్ముకొనరాదు, బ్రేకును నమ్ముకొనవలయును.

ఆఱేండ్ల పిల్ల ఎత్తు మూడున్నర అడుగుల ప్రాంతము. ట్రాక్టరు ముందుభాగము అంతకంటె ఎత్తు. ఇంజనుకు దగ్గఱగా నిలిచిన పిల్ల తోలువానికి కనబడదు. ఒక పిల్ల దాటినచో వెనుక ఇంకొక పిల్ల తప్పక కలదని తలపవలయును. అన్న దాటినంతట చెల్లెలు చూడకయే పరుగెత్తుట మనమందఱము చూచుచున్నదే.

బస్సు నిలిచినచోట

బడిబస్సునకు పసుపురంగు ఎట్లు వచ్చినదో తెలిసికొనుట మంచిది. అమెరికా దేశమున ఫ్రాంక్ సయర్ అను ఉపాధ్యాయుడు పల్లెటూళ్ళ పిల్లలు బడికి ఎట్లు పోవుచున్నారో విచారింపగా, ఒక్కొక్కచోట ఒక్కొక్క రంగు, ఒక్కొక్క విధమైన వాహనము కనబడెను. ఒకచోట గోధుమలు మోయు గుఱ్ఱపుబండిలోనే పిల్లలను తీసికొనిపోవుచుండిరట. ఆయన 1939లో న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమున సభ కూర్చి, బడిబస్సులకు 44 నియమములను ఏర్పఱచెను. అందొకటి పసుపురంగు. ఉదయపు మసకలోను, సాయంకాలపు మసకలోను ఆ రంగు కంటికి త్వరగా తగులును. దానిపై నల్లని అక్షరములు స్పష్టముగా తెలియును. కావున పసుపురంగు అలంకారము కాదు, “ఇందు పిల్లలు కలరు, నిలుపుము” అను హెచ్చరిక.

ఆ దేశమున బడిబస్సు నిలిచి ఎఱ్ఱదీపములు వెలిగినచో, వెనుక వచ్చు బండ్లే కాక, సాధారణముగా ఎదురు వచ్చు బండ్లును నిలువవలయునని చట్టము కలదు. మన పల్లెబస్సులకు అట్టి దీపములు లేవు. నియమము లేనిచోట వివేకమే నియమము కావలయును.

బస్సు చుట్టును మూడు మీటర్లమేర అపాయస్థలము. ముందుభాగమున దాటు పిల్ల బస్సు తోలువానికి కనబడదు; వెనుకనుండి వచ్చు మనకును కనబడదు. ఆర్టీసీ పల్లెవెలుగు బస్సు దిగిన పిల్లలు బస్సు కదలక మునుపే ముందునుండియో వెనుకనుండియో దాటుట అలవాటు. కావున నిలిచిన బస్సును చూచినచో తోలువారు ఈ క్రింది విధముగా నడచుకొనవలయును:

1. వెనుకనుండి వచ్చువారు నిలిచిన బస్సును దాటి పోవలదు. బస్సు వెనుకనే ఆగి, అది కదలిన పిమ్మట కదలవలయును.
2. ఎదురుగా వచ్చువారు నడచు వేగమునకు తగ్గి, బ్రేకుపై కాలుంచి, బస్సు తోకను దాటువఱకు పిల్లలకై చూచుచుండవలయును.
3. బస్సునకు ఎడమ ప్రక్కన, రోడ్డు అంచుననున్న సందులో మోటారుసైకిలు దూర్చరాదు. పిల్లలు దిగునది ఆ వైపుననే.
4. బస్సు కదలిన పిమ్మటను, దిగిన పిల్లలు రోడ్డు దాటినారో లేదో చూచి ముందుకు పోవలయును.

తల్లిదండ్రులు పిల్లలకు నేర్పవలసినది ఒక్కటే మాట: “బస్సు దిగి ప్రక్కకు తొలగుము, బస్సు వెళ్ళనిమ్ము, రెండు వైపులు చూచి అప్పుడు దాటుము.”

ట్రాక్టరునకు సంబంధించిన జాగ్రత్తలు

పై నియమములు అన్ని బండ్లకును చెల్లును. రైతు వాహనమగు ట్రాక్టరునకు కొన్ని ప్రత్యేక విషయములు కలవు.

ట్రాక్టరునకు కుడి ఎడమ చక్రములకు వేర్వేఱు బ్రేకు పెడలు లుండును. చేనులో మూల తిరుగుటకు ఇవి వేఱుగా నుండుట మేలు. కాని రోడ్డెక్కునప్పుడు ఆ రెంటిని కలుపు కొక్కెమును తప్పక వేయవలయును. లేనిచో కంగారులో ఒక పెడలుపై మాత్రమే కాలు పడి, ట్రాక్టరు ఒక ప్రక్కకు గుంజి, బోల్తాపడవచ్చును లేక ప్రక్కన నడచు పిల్లలపైకి పోవచ్చును. ఈ కొక్కెము వేయుటకు రెండు సెకన్లు చాలును; సొమ్ము ఖర్చులేదు.

వెనుక తగిలించిన తొట్టికి తఱచు బ్రేకులుండవు. ఇంజను ఆగబోవుచుండగా తొట్టిలోని బరువు వెనుకనుండి నెట్టును. కావున పైన చెప్పిన లెక్కలలోని దూరము నిండు తొట్టికి చాలదు. ఇంకను ఎక్కువ కావలయును. తడిరోడ్డుపై మఱియు ఎక్కువ. పల్లములో దిగునప్పుడు నూనె కలిసివచ్చునని గేరు తీసి న్యూట్రలులో వదలుట ప్రాణాంతకము.

తొట్టి వెనుక ఎఱ్ఱని దీపముగాని, వెలుతురు తగిలిన మెఱయు పట్టీగాని ఉండవలయును. మసకవేళ రోడ్డుప్రక్క నిలిపిన తొట్టి, వెనుకనుండి వచ్చు సైకిలు పిల్లవానికి గోడవంటిది. దమ్ముచక్రములతో రోడ్డెక్కరాదు. గొఱ్ఱు, రోటావేటరు మొదలగు పనిముట్లు తగిలించి పోవునప్పుడు వాటిని పూర్తిగా పైకెత్తి, తిరుగుడును ఆపి పోవలయును. బడినుండి వచ్చు పిల్లలు సరదాకు తొట్టికొసను పట్టుకొని వ్రేలాడుదురు. తొట్టికిని ఇంజనుకును నడుమ కాడిపై నెక్కుదురు. అట్టివారిని చూచియు నవ్వి ఊరకుండుట ప్రేమ కాదు. బండి నిలిపి దింపవలయును.

మన బిడ్డనే చక్రముపై మడ్గార్డున కూర్చుండబెట్టుకొని పోవుట కూడ తగదు. గుంటలో చక్రము పడిన కుదుపునకు పెద్దవాడు పట్టు తప్పుచున్నాడు, పసివాడు ఎంత? తొట్టిలో మనుష్యులను ఎక్కించుట చట్టసమ్మతము కాదు. పిల్లలను బడి ఉత్సవములకు, తీర్థములకు తొట్టిలో నింపి తీసికొనిపోవుట పుణ్యకార్యమున పాపము కలుపుకొనుట.

రోడ్డే కళ్ళమైనప్పుడు

కోతల కాలమున వడ్లు, అపరాలు తారురోడ్డుపై ఆఱబోయుట మనలో పెరిగినది. ఎండ బాగుగా తగులును, నేల శుభ్రముగా నుండునని కారణము చెప్పుదురు. కళ్ళములు చాలక ఈ పని చేయుచున్నారని మే మెఱుగుదుము. కాని దాని ఫలితమేమి? రోడ్డు సగము గింజలు, వాటి అంచున రాళ్ళు. బండ్లన్నియు మిగిలిన సగములో ఇరువైపులకు పోవలయును. పిల్లలకు అంచు లేక నడిరోడ్డున నడవవలసివచ్చును. గింజలపై బ్రేకు వేసిన మోటారుసైకిలు జాఱును. ధాన్యమెత్తిన పిమ్మట రాళ్ళను అచ్చటనే వదలిపెట్టువారు కూడ కలరు; చీకటిలో ఆ రాయి ఎవరి తలను కోరునో తెలియదు.

బడికి ఇరువైపుల అర కిలోమీటరుమేర రోడ్డుపై ఏ పంటయు ఆఱబోయరాదని ఊరంతయు కట్టుబాటు చేసికొనుట మంచిది. ఉమ్మడి కళ్ళమును సిమెంటు గచ్చుతో కట్టించుకొనుట సహకార సంఘమునకు తగిన పని. ఒక్క రైతు కట్టలేని కళ్ళమును నలువదిమంది కూడి కట్టవచ్చును గదా!

చట్టము చెప్పునది

చట్టమునకు భయపడి కాక బుద్ధితో నడచుట మేలు. అయినను చట్టమును తెలిసికొనుటయు అవసరము.

పదునెనిమిదేండ్లు నిండనివాడు ట్రాక్టరు, కారు, గేరు మోటారుసైకిలు తోలరాదు. పదునాఱేండ్లు నిండినవారికి 50 సి.సి. లోపు ఇంజను కల చిన్న మోటారుసైకిలు మాత్రమే లైసెన్సుతో తోలు హక్కు కలదు. ఇది 1988 మోటారు వాహనముల చట్టములోని నియమము. 2019లో ఆ చట్టమును సవరించి 199–ఏ అను సెక్షనును చేర్చిరి. ఆ ప్రకారము మైనరు బండి తోలి నేరము చేసినచో వాని సంరక్షకుడును, బండి యజమానియును నేరస్థులగుదురు. మూడేండ్లవఱకు ఖైదు, 25,000 రూపాయల జుల్మానా విధింపవచ్చును. బండి రిజిస్ట్రేషను పండ్రెండు మాసములు రద్దగును. ఆ బాలునకు ఇరువదియైదేండ్లు వచ్చువఱకు లైసెన్సు దొరకదు. తమకు తెలియకుండ జరిగెనని ఋజువు చేయు భారము తండ్రిదే, యజమానిదే.

“మా వాడు తొమ్మిదవ తరగతిలోనే ట్రాక్టరు తోలుచున్నాడు” అని సంతలో మీసము దువ్వు తండ్రులు ఈ సెక్షనును రెండుమాఱులు చదివింపించుకొనవలయును. ఆ బాలుడు చేనులో నేర్చిన నేర్పు రోడ్డుపై చాలదు. చేనులో అడ్డము వచ్చునది గట్టు మాత్రమే.

అజాగ్రత్తవలన మరణము కలిగించినవానికి, 2024 జూలై 1వ తేదీనుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను ప్రకారము అయిదేండ్లవఱకు ఖైదు పడవచ్చును. ఇతరులకు కలుగు నష్టమునకై బీమా చేయించుట ప్రతి మోటారు వాహనమునకును నిర్బంధము. బీమా లేనిచో నష్టపరిహారము యజమాని చేతినుండియే పోవలయును. ఆ సొమ్ము చేతిలో లేనివాడు దానికై భూమి అమ్ముకొనవలసిరావచ్చును. సంఘమున అప్పు తీసికొని ట్రాక్టరు కొన్న సభ్యుడు వాయిదాను జ్ఞాపకముంచుకొన్నట్లే బీమా గడువును కూడ జ్ఞాపకముంచుకొనవలయును.

సెల్‌ఫోను చేతబట్టి తోలుట, కల్లు సారాయి త్రాగి తోలుట ఎచ్చటను కూడనివి. బడి ముందర వాటిని క్షమించువాడుండడు. మోటారుసైకిలుపై నాలుగేండ్లు దాటిన ప్రతివారికిని హెల్మెటు కావలయునని చట్టము. అంతకంటె చిన్నపిల్లలకు హెల్మెటును, తోలువానికి చేర్చి కట్టు పట్టీయును ఉండవలయుననియు, అప్పుడు వేగము 40 కిలోమీటర్లు మించరాదనియు 2023 ఫిబ్రవరినుండి నియమము అమలులో నున్నది.

ప్రమాదమే జరిగినచో

ఎంత జాగ్రత్తపడినను ప్రమాదము జరుగవచ్చును. అప్పుడు పారిపోవుట పిఱికితనము, నేరమును రెట్టించుట. బండి నిలిపి, వచ్చుపోవు బండ్లను ఆపి, వెంటనే 108కి ఫోను చేయవలయును. 2005 ఆగస్టు 15వ తేదీన మన రాష్ట్రముననే మొదలైన ఈ అంబులెన్సు సహాయమునకు రుసుము లేదు. తలకో మెడకో దెబ్బ తగిలిన పిల్లను కంగారుతో ఎత్తి మడతపెట్టి ఆటోలో వేయరాదు. అపాయము మీద పడుచున్నచో తప్ప కదలింపక, రక్తము కాఱుచోట శుభ్రమైన బట్టతో అదిమి పట్టవలయును. నీరు త్రాగింపవలదు.

సహాయము చేసిన పుణ్యమునకు పోలీసుస్టేషనుల చుట్టు తిరుగవలసివచ్చునని భయపడి తొలగిపోవు కాలము గడచినది. 2016లో సుప్రీంకోర్టు అట్టివారికి రక్షణ కల్పించినది. 2019 సవరణలో 134–ఏ సెక్షను దానిని చట్టముగా చేసినది. మంచి మనస్సుతో సాయపడినవాడు తన పేరు చెప్పనక్కఱలేదు.

సంఘము చేయదగిన పని

ఇది ఒక్కొక్కరు విడివిడిగా చేయు పనియా? కాదు. 1904 సహకార పరపతి సంఘముల చట్టము క్రింద ఏర్పడిన గ్రామ సంఘములలో సభ్యుల బాధ్యత అపరిమితముగా నుండెడిది. ఒకడు చెల్లింపని బాకీకి అందఱును ఉత్తరవాదులు. అందుచేత ఒక సభ్యుడు అప్పుసొమ్మును దుబారా చేయుచున్నచో పొరుగువాడు “నాకేల” అని ఊరకుండెడివాడు కాడు, చేయిపట్టి ఆపెడివాడు. రోడ్డువిషయమున మనకు నేటికిని అట్టి అపరిమిత బాధ్యతయే కలదు. పొరుగువాని ట్రాక్టరు మన బిడ్డను కొట్టవచ్చును. మన ట్రాక్టరు పొరుగువాని బిడ్డను కొట్టవచ్చును. కావున “నాకేల” అనుటకు ఎవరికిని హక్కు లేదు.

మేము సూచించు కట్టుబాటు లివి. సర్వసభ్య సమావేశమున తీర్మానముగా పెట్టి అంగీకరింపవచ్చును.

1. పిల్లలు బడికి పోవు వేళను, బడి విడుచు వేళను, ముందు వెనుక అర్ధగంట చొప్పున, నిండు తొట్టితో ట్రాక్టరు బడి ముందరనుండి పోవలదు. తప్పనిసరియైనచో ఒక మనిషి ముందు నడువవలయును.
2. బడికి నూఱు మీటర్లముందునుండియే వేగము 20 కిలోమీటర్లకు తగ్గింపవలయును.
3. మైనరుకు బండి ఇచ్చు సభ్యుని పెద్దలు పిలిచి మందలింపవలయును.
4. ప్రతి తొట్టికిని మెఱయు పట్టీలను సంఘము మొత్తముగా కొని, కొన్న ధరకే సభ్యులకు ఈయవలయును.
5. బడికి ఇరువైపుల హెచ్చరిక పలకలు, వేగనిరోధకములు, తెల్లచాఱల దాటుదారి ఏర్పఱచుమని రోడ్డు ఏ అధికారుల క్రిందనున్నదో వారికి మహజరు పంపవలయును. ఒక్క తండ్రి సంతకము కంటె సంఘపు సంతకము బలమైనది.
6. పిల్లలు ఆటోలో పోవుచున్నచో ఎంతమందిని ఎక్కించుచున్నాడో తల్లిదండ్రులు తామే లెక్కపెట్టవలయును. తక్కువ రుసుమునకు ఆశపడి క్రిక్కిఱిసిన ఆటోలో పంపుట చవుక బేరము కాదు.

కూలీలు కాచుకొనియున్నారు, నీటివంతు దాటిపోవును, వాన వచ్చును, సంత ముగియును అని రైతునకు తొందర ఎప్పుడును కలదు. ఆ తొందర అబద్ధము కాదు. రైతు కష్టము మే మెఱుగుదుము. కాని ఆ కష్టమంతయు ఎవరికొఱకు? బడిసంచి మోయుచు రోడ్డంచున నడచు ఆ పిల్లలకొఱకే గదా! వారికై దున్నుటకు పోవుచు వారినే త్రొక్కుట ఏపాటి వ్యవసాయము?

సభలో చర్చింపదగిన ప్రశ్నలు

ఈ పాఠమును చదువు వచ్చిన సభ్యుడొకడు సమావేశమున పెద్దగా చదివి, ఈ ప్రశ్నలను అడిగినచో ఉపయోగము కలుగునని మనవి.

1. మన ఊరిలో బడిపిల్లలు రోడ్డు దాటు స్థలము లేవి? అందు చాటు కలిగించు పొద, గోడ, గడ్డిమేటు ఏదైన కలదా? దానిని తీయవలసినవా రెవరు?
2. మన ట్రాక్టర్లలో బ్రేకు పెడళ్ళ కొక్కెము సరిగా పనిచేయున వెన్ని?
3. బీమా గడువు తీఱిన బండ్లు సభ్యులకు ఎన్ని కలవు?
4. 13 మీటర్లు ఎంత దూరమో బడి ముందర అడుగులతో కొలిచి, ఆ కొసన ఒక రాయి పెట్టి చూచినారా?

నాలుగవ ప్రశ్నకు సమాధానము నోటితో చెప్పక, సభ ముగిసిన పిమ్మట అందఱును బడి ముందరకు పోయి కొలిచి చూడవలెనని కోరుచున్నాము.